లారీ గాలి బ్రేకులలో లీకును కనిపెట్టుట



గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట లారీ బ్రేకులను గూర్చి ప్రసంగించుట ఏమి పనియని కొందరికి తోచవచ్చును. మంచినీటి ట్యాంకు, వీధిదీపము, మురుగుకాలువ - ఇవి పంచాయతీ పనులు. బ్రేకు సంగతి డ్రైవరు చూచుకొనును గదా యని అనుకొనుట సహజమే. కాని ఆ లారీ పోవునది మన ఊరి నడివీధిలో. అది సరకు నింపుకొనునది మన కళ్లములో, మన రైసుమిల్లు ముంగిట, మన క్వారీ దారిలో. రాత్రి నిలుచునది మన బడి ప్రహరీగోడ ప్రక్కన. దానిని నడుపువాడును, దాని క్రింద దూరి నట్లు బిగించు క్లీనరును పెక్కుమార్లు మన ఊరి పిల్లలే. కనుక ఆ బండి ఆగునా, ఆగదా అన్నది ఊరి సంగతియే యని మేము తలచుచున్నాము.

ప్రకాశము జిల్లాలోని చీమకుర్తి ప్రాంతమునే తీసికొందము. అచ్చటి నల్లని గెలాక్సీ గ్రానైటు రాయి దేశదేశములకు ఎగుమతి యగుచున్నది. క్వారీలో కోసిన దిమ్మెలు పొడవైన ట్రెయిలరు లారీల మీద గ్రామముల నుండి బయలుదేరి, 16వ నంబరు జాతీయ రహదారి చేరి, కృష్ణపట్నము, చెన్నై ఓడరేవులకు పోవుచుండును. ఆ రాయి ఒక ఘనమీటరు సుమారు 3 టన్నులు తూగును. 2018లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారము ట్రెయిలరు లారీ సరకుతో కలిపి 55 టన్నులకు మించరాదు. అట్టి బండి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు దానియందలి శక్తి, 30 కిలోమీటర్ల వేగమున నున్నప్పటికంటె రెండింతలు కాదు, నాలుగింతలు. ఆ శక్తి నంతటిని అణచి బండిని నిలుపవలసినది గొట్టములలోని గాలి. ఆ గాలి ఎక్కడనో కారిపోవుచుండగా బండి కదలుట ఊరికి క్షేమము కాదు.

లీకును కనిపెట్టుటకు గొప్ప యంత్రము లేమియు అక్కరలేదు. చదునైన నేల, నాలుగు అడ్డుదిమ్మెలు, ఒక గడియారము, సబ్బునీరు, వినగలిగిన చెవి చాలును. కావలసినదెల్ల క్రమము. ఆ క్రమమునే నేడు మీకు మనవి చేయుచున్నాము.

గాలి బండిని ఎట్లు నిలుపును?

ముందుగా ఏర్పాటును తెలిసికొందము. ఇంజనుతో పాటు తిరుగు కంప్రెసరు బయటి గాలిని లాగి, ఒత్తి, ట్యాంకులలో నింపును. ఒత్తిడి నియమించిన మట్టమునకు రాగానే గవర్నరు అను పరికరము ఆ నింపుటను ఆపును. తగ్గగానే మరల నింపించును. డ్రైవరు ఎదుటనున్న గేజీలో ఆ ఒత్తిడి కానవచ్చును. పెక్కు లారీలలో నిండు ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 8 కిలోలకు కొంచెము అటునిటుగా నుండును. ఏ బండికి ఎంతయో దానితో ఇచ్చిన పుస్తకములో చూచుకొనవలెను.

డ్రైవరు పెడలు త్రొక్కగానే ట్యాంకులోని గాలి చక్రముల కడనున్న బ్రేకు చాంబర్లకు పోవును. చాంబరనగా నడుమ రబ్బరు పొర గల గుండ్రని ఇనుపడబ్బీ. గాలి ఆ పొరను నెట్టును, పొర కడ్డీని నెట్టును, కడ్డీ స్లాక్ అడ్జస్టరును త్రిప్పును. అంతట లైనింగు డ్రమ్మును ఒరసి చక్రమును పట్టును. ఇందలి లెక్క చాల సులభము. ఒక చాంబరు పొర వైశాల్యము 30 చదరపు అంగుళములు, అనగా సుమారు 194 చదరపు సెంటీమీటర్లు అనుకొందము. గాలి ఒత్తిడి 7 కిలోలున్నప్పుడు కడ్డీపై పడు బలము సుమారు 1,350 కిలోలు. అదే ఒత్తిడి 4 కిలోలకు దిగినచో ఆ బలము సుమారు 775 కిలోలు మాత్రమే. డ్రైవరు కాలు అంతే బలముగ త్రొక్కినను చక్రమును పట్టు బలము సగమునకు దగ్గరగా తగ్గిపోవును. లీకు అనగా ఇదియే. కాలిబలము చెక్కు చెదరకుండగనే బ్రేకు బలము కరగిపోవుట.

బండి నిలిపియుంచుటకు వేరొక ఏర్పాటు కలదు. వెనుక చక్రముల చాంబర్లకు జోడించిన రెండవ డబ్బీలో బలమైన స్ప్రింగు ఉండును. అది చక్రమును ఎల్లప్పుడు పట్టుకొనుటకే చూచుచుండును. గాలి దానిని వెనుకకు నొక్కిపట్టినప్పుడు మాత్రమే బండి కదలును. అందుచేత స్ప్రింగు డబ్బీలో గాలి పోయినచో బ్రేకు తనంతట పడును.

లాగెడి ముందుబండి నుండి ట్రెయిలరునకు రెండు గాలిగొట్టములు పోవును. ఎఱ్ఱ గుర్తు గలది ట్రెయిలరు ట్యాంకును నింపుచు ఎప్పుడును గాలితో నుండును. పసుపు లేక నీలిగుర్తు గలది డ్రైవరు పెడలు త్రొక్కినప్పుడు మాత్రమే గాలితో నిండి, బ్రేకు వేయుమన్న ఆజ్ఞను వెనుకకు కొనిపోవును. ఎఱ్ఱగొట్టము తెగినచో ట్రెయిలరు బ్రేకులు వాటంతట అవియే పడును. ఈ ఆలోచన మిక్కిలి పాతది. 1869లో జార్జి వెస్టింగ్‌హౌస్ అను అమెరికా ఇంజనీరు రైలుబండికి గాలి బ్రేకు కనిపెట్టెను. ఆ మొదటి పద్ధతిలో గొట్టము తెగినచో బ్రేకే లేకుండ పోయెడిది. గొట్టము తెగినప్పుడు బ్రేకు పడవలెనే గాని పోరాదని ఆయన 1872లో పద్ధతిని మార్చెను. నేటి ట్రెయిలరు లారీ ఆ సూత్రమునే అనుసరించుచున్నది.

అట్లయినచో భయమేమి?

గాలి పోయినచో బ్రేకు పడును గదా, ఇక లీకువలన అపాయమేమి యని మీరు అడుగవచ్చును. ఒక్కమారుగా తెగిన గొట్టము బండిని నిలుపును. మెల్లగా కారు గాలి యట్లు కాదు. మూడు కీడులను అది తెచ్చును.

మొదటిది: దిగుడు దారిలో డ్రైవరు మాటిమాటికి పెడలు త్రొక్కుచుండును. ఒక వైపు వాడకము, ఒక వైపు లీకు. కంప్రెసరు నింపుట చాలక ఒత్తిడి దిగజారును. బ్రేకు ఎక్కువగ కావలసిన చోటనే తక్కువగ దొరకును.

రెండవది: స్ప్రింగును నొక్కిపట్టు గాలి కొంచెము తగ్గినచో బ్రేకు పూర్తిగ పడదు, పూర్తిగ వదలదు. చక్రము ఒరసికొనుచునే తిరుగును. డ్రమ్ము కాలి, పొగ వచ్చి, ఒక్కొక్కప్పుడు టైరే అంటుకొనును.

మూడవది గ్రామములకు మిక్కిలి ముఖ్యము. కొన్ని పాత ట్రెయిలర్లకు స్ప్రింగు బ్రేకులు లేవు. వాటిని విప్పి నిలిపినప్పుడు ట్రెయిలరు ట్యాంకులోని గాలియే చక్రములను పట్టియుండును. ఆ గాలి రాత్రియంతయు కారిపోయినచో తెల్లవారుసరికి బ్రేకు వదలిపోవును. వాలు నేలమీద నిలిపిన బరువు ట్రెయిలరు అప్పుడు ఎవ్వరును త్రోయకుండగనే కదలగలదు. సాయంకాలము కదలలేదు గనుక ఉదయమున కదలదను నమ్మకము ఇక్కడ చెల్లదు. దానిని పట్టవలసినది చక్రముల క్రింది అడ్డుదిమ్మెలే గాని గాలి కాదు.

ఒక నిమిషపు పరీక్ష

బండిని చదునైన నేలపై నిలిపి, చక్రములకు ముందువెనుకల అడ్డుదిమ్మెలు పెట్టవలెను. ఇది ముగియనిదే మరి యే పనియు మొదలిడరాదు. ఇంజను నడిపి గాలి నిండుగ ఎక్కనిచ్చి, ఇంజను ఆపవలెను. గేజీ పనిచేయుటకై తాళమును మాత్రము తెరచియుంచవలెను. పార్కింగు బ్రేకు వదలి, ట్రెయిలరునకు గాలి పోనిచ్చి, ముల్లు కుదురుకొన్న పిదప గడియారము చూచుచు ఒక నిమిషము వేచియుండవలెను. ఈ వేళ పెడలు త్రొక్కరాదు.

తరువాత పెడలును గట్టిగ త్రొక్కి పట్టవలెను. త్రొక్కగానే గాలి చాంబర్లలోనికి పోవును గనుక ముల్లు ఒకమారు దిగును. అది లీకు కాదు. ఆ దిగుట ఆగిన పిమ్మటనే నిమిషమును లెక్కింపవలెను.

ఎంత దిగినచో తప్పు? అమెరికా దేశములో భారవాహనపు డ్రైవర్లకు జరుపు పరీక్షలో ట్రెయిలరుతో కూడిన బండికి పెడలు త్రొక్కనప్పుడు నిమిషమునకు 3 పౌండ్లు, త్రొక్కి పట్టినప్పుడు 4 పౌండ్లు మించి ఒత్తిడి తగ్గరాదని నియమము కలదు. ట్రెయిలరు లేని ఒంటి లారీకి అవి 2, 3 పౌండ్లు. మన కిలోల గేజీలో ట్రెయిలరు బండికి ఇవి సుమారు 0.2, 0.3 అగును. ముల్లు అంత కొంచెము కదలుట కంటికి ఆనదు. కనుక నిమిషము మొదటను, చివరను చేతిఫోనుతో గేజీని ఫొటో తీసి, రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుట మంచిది. గేజీలో రెండు ముండ్లు ఉన్నచో అవి రెండు వేర్వేరు గాలిదారులవి. ఏ ముల్లు ముందుగ దిగుచున్నదో చూచిన, ఏ దారిలో వెదకవలెనో సగము తెలిసినట్లే.

చివరగా, ఇంజను ఆపియుంచియే పెడలును పలుమార్లు త్రొక్కి వదలుచు గాలిని తగ్గింపవలెను. ఒత్తిడి సుమారు 4 కిలోలకు దిగులోపలనే హెచ్చరిక దీపమో బజరో మేలుకొనవలెను. ఆ దీపము మాడిపోయియున్నను, బజరు తీగను ఎవరైన తెంచియున్నను లీకును గూర్చి డ్రైవరునకు చెప్పువారుండరు.

తూములు మూసి గండి వెదకినట్లు

లీకున్నదని తెలిసినది. అది ఎక్కడ? పలువురు చేయు పొరపాటు ఈ చోటనే జరుగుచున్నది. బండి క్రింద దూరి, శబ్దము వినిపించిన చోటనున్న పరికరమును విప్పి, క్రొత్తది వేయుదురు. డబ్బు పోవును, లీకు పోదు.

కాలువ చివర భూములకు నీరందనప్పుడు మన మేమి చేయుదుము? కాలువ పొడవున పరుగెత్తము. తూములను ఒక్కొక్కటిగ మూసి, ఏది మూసినప్పుడు నీరు నిలిచినదో చూతుము. గండి ఆ తూము క్రిందనే యున్నదని నిశ్చయింతుము. గాలి బ్రేకునకును అదే పద్ధతి. మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: ట్రెయిలరును వేరుచేసినప్పుడు లీకు ఆగినదా? క్యాబినులోని వాల్వుతో గాని, వెనుకనున్న కోళాయితో గాని ట్రెయిలరు గాలిని మూసి మరల ఒక నిమిషము చూడవలెను. ముల్లు నిలిచినచో దోషము ట్రెయిలరులోనో, రెండు గొట్టములలోనో, వాటిని కలుపు కప్లింగులలోనో ఉన్నది. ముల్లు ఇంకను దిగుచున్నచో ముందుబండిలోనే వెదకవలెను.

రెండవ ప్రశ్న: పెడలు త్రొక్కినప్పుడు మాత్రమే కారుచున్నదా? అట్లయిన దోషము ఆజ్ఞను కొనిపోవు దారిలో ఉన్నది. పసుపు లేక నీలి గొట్టము, దాని కప్లింగు, బ్రేకు చాంబరు పొర - వీటిని చూడవలెను. చాంబరు వెలుపలి చిన్న రంధ్రము నుండి పెడలు త్రొక్కినప్పుడు గాలి వచ్చినచో లోపలి రబ్బరు పొర చిరిగినదని తెలియవలెను.

మూడవ ప్రశ్న: పార్కింగు బ్రేకు వదలినప్పుడు మాత్రమే కారి, వేయగానే ఆగుచున్నదా? అట్లయిన స్ప్రింగు డబ్బీ వైపు చూపు మరల్చవలెను.

ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరకిన పిమ్మటనే సబ్బునీరు తీసికొనవలెను. వంటగ్యాసు సిలిండరు దగ్గర మన ఇండ్లలో చేయు పనియే ఇది. అనుమానమున్న కీళ్లపై సబ్బునీరు పూసి బుడగ కొఱకు చూడవలెను. ముందుగా కప్లింగులోని రబ్బరు వాషరు, పిదప చట్రమునకు ఒరసికొను హోసు పైపులు, కీళ్ల నట్లు, ట్యాంకు క్రింది నీటి కోళాయి, చాంబరు చుట్టు పట్టీ - ఈ వరుస మంచిది. రోహిణీ కార్తె ఎండలకు రబ్బరు గట్టిపడి పగులును; రాతిదుమ్ము వాల్వులోనికి పోయి రబ్బరు కూర్చుండు చోట అడ్డు తగులును. క్వారీ బండ్లకు ఈ రెండు కారణములు ఎప్పుడును ఉన్నవే.

మోసపుచ్చు లీకు

అనుభవము గల మెకానిక్కులను సహితము మోసపుచ్చు లీకు ఒకటి కలదు. వెనుక ఇరుసుల దగ్గర రిలే వాల్వు అను పరికరముండును. పెడలు నుండి వచ్చిన ఆజ్ఞను అందుకొని, దగ్గరి ట్యాంకులోని గాలిని చాంబర్లకు వెంటనే పంపుట దాని పని. పెడలు వదలినప్పుడు ఆ గాలిని వెలికి విడుచుటకు దాని అడుగున ఒక రంధ్రముండును. పెడలు త్రొక్కకుండగనే ఆ రంధ్రము నుండి ఎడతెగక గాలి వచ్చుచున్నదనుకొందము. ఎవ్వరైనను రిలే వాల్వు చెడినదందురు. క్రొత్త వాల్వు వేసినను గాలి అట్లే వచ్చుచుండును. ఏల?

స్ప్రింగు డబ్బీకిని, బ్రేకు చాంబరునకును నడుమ గోడలో ఒక సీలు కలదు. అది అరిగినచో స్ప్రింగును నొక్కిపట్టియున్న గాలి గోడ దాటి బ్రేకు చాంబరులోనికి చొరబడును. అక్కడ దానికి పనిలేదు గనుక వచ్చిన గొట్టము వెంటనే వెనుకకు నడచి, రిలే వాల్వు రంధ్రము గుండ వెలికి పోవును. దోషము చక్రము దగ్గర. కూత వాల్వు దగ్గర. ఒక ఇంటి పంచలో కురిసిన నీరు పొరుగింటి తూమున వచ్చినట్లు.

దీనిని విడదీయుట ఒక చేతి పని. పార్కింగు బ్రేకు వేసి చూడవలెను. వేయగానే స్ప్రింగు వైపు గాలి పోవును గనుక, ఆ కూత నిలిచినచో దోషము డబ్బీ సీలులో నున్నది. బ్రేకు వేసినను వదలినను కూత మారక ఉన్నచో రిలే వాల్వే చెడినది, లేదా దానిలో మురికి చేరినది. పెడలు త్రొక్కి పట్టినప్పుడు మాత్రమే ఆ రంధ్రము నుండి గాలి వచ్చినచో వాల్వులోని వెలికిదారి మూత సరిగ మూసికొనుటలేదు. సీలు అరిగిన డబ్బీ ఏదో తెలియుటకు, అడ్డుదిమ్మెలు పెట్టి, పార్కింగు బ్రేకు వదలి, ఒక్కొక్క చాంబరు నుండి పెడలు వైపు గొట్టమును విప్పి చూడవలెను. ఏ చాంబరు నోటినుండి గాలి వచ్చుచున్నదో అదియే దోషి. ఇది మెకానిక్కు చేయవలసిన పని.

లీకు కాని శబ్దములు

ప్రతి బుస లీకు కాదు. గాలి నిండగానే గాలిని ఆరబెట్టు డ్రయరు ఒకమారు బుస్సుమని లోపలి తడిని విడుచును. పార్కింగు బ్రేకు వేసినప్పుడు, పెడలు వదలినప్పుడు వినవచ్చు శబ్దములును మంచివే. ఒకమారు వచ్చి ఆగిన శబ్దము పనికి గుర్తు. వచ్చి ఆగని శబ్దము రోగమునకు గుర్తు. డ్రయరు క్రింద గాలి ఎడతెగక పోవుచున్నచో దాని వాల్వు సరిగ మూసికొనుటలేదని తెలియవలెను.

మరియొక మాట. గేజీ నిండుగ నున్నంత మాత్రమున బ్రేకు సరిగనున్నట్లు కాదు. కడ్డీ మితిమీరి దూరము పోవలసివచ్చినచో గాలి నిండుగ నున్నను లైనింగు డ్రమ్మును గట్టిగ పట్టదు. లీకు పరీక్షతో పాటు కడ్డీ నడకను కొలిపించుట అవసరము. గాలితో పాటు చేరు నీటిని, నూనెను ట్యాంకు అడుగు కోళాయి గుండ క్రమము తప్పక విడువవలెను. అవి రబ్బరును, వాల్వులను పాడుచేయును.

చేయరాని పనులు

కారుచున్న హోసును మడచి తీగతో కట్టుట, ట్రెయిలరు గొట్టమును మూసివేసి ముందుబండి బ్రేకుతోనే పోవుట, పట్టివేసిన బ్రేకును స్లాక్ అడ్జస్టరు వదులుచేసి విడిపించి బరువుతో సాగిపోవుట - ఈ మూడును దారిలో కానవచ్చు ఉపాయములు. ఒక చక్రము బ్రేకు మానినచో దాని పని మిగిలిన చక్రముల మీద పడును, అవి కాలును, కాలిన బ్రేకు పట్టదు. సమయము కలసివచ్చినట్లు కనబడి ప్రాణముమీదికి తెచ్చు ఉపాయములివి.

వీటన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక స్ప్రింగు డబ్బీని గూర్చినది. అందలి స్ప్రింగు టన్నుకు దగ్గరి బలముతో నొక్కబడియుండును. దాని పట్టీ విప్పినచో మూత తుపాకీగుండువలె ఎగురును. మనుష్యులు మరణించిన సందర్భములు కలవు. ఊరి వెల్డింగు దుకాణములో గాని, రోడ్డు ప్రక్కన గాని దానిని ఎన్నడును విప్పరాదు, సుత్తితో కొట్టరాదు. డబ్బీని పూర్తిగ మార్చుటయే పద్ధతి. అదియు శిక్షణ పొందిన మెకానిక్కు చేతనే.

పంచాయతీ చేయగలిగిన పని

వాహనములను తనిఖీ చేయు అధికారము రవాణా శాఖ వారిది, పోలీసువారిది. పంచాయతీ సభ్యులు దారికి అడ్డము నిలిచి బండ్లను ఆపుట తగదు. అది కొత్త తగాదాలకు దారితీయును. అయినను మన చేతిలోని పనులు తక్కువ కావు.

సరకు నింపుటకు చదునైన తావును చూపవచ్చును. చెరువుకట్ట వాలులో, బడి ప్రక్కన, దేవాలయపు వీధి మలుపులో బరువు బండ్లు రాత్రి నిలువకుండ గ్రామసభలో మాటలాడి, మిల్లు యజమానులతోను, క్వారీ వారితోను ఒప్పందమునకు రావచ్చును. నింపు చోట నాలుగైదు జతల అడ్డుదిమ్మెలు, ఒక దీపము, ఒక బక్కెట్టు నీరు ఉండునట్లు చేయవచ్చును. వీటికి పెద్ద ఖర్చు లేదు. కాటా దగ్గర బరువు చూచినట్లే, నింపిన బండి కదలకముందు నిమిషపు పరీక్ష జరుగుట ఆ చోటి వాడుక కావలెను. లీకుతోనే పదేపదే ఊరిలోనుండి పోవు బండి ఉన్నచో దాని నంబరు, తేదీ వ్రాసి రవాణా శాఖ వారికి తెలుపవలెను.

ఇక ముఖ్యమైన సంగతి. లీకును మొట్టమొదట వినునది సాధారణముగ క్లీనరు కుర్రవాడు. రాత్రి బండి క్రింద పరుండువాడు గనుక గాలి కూత వానికే ముందు తెలియును. కాని వాడు నోరు విప్పుటకు జంకును. ట్రిప్పు ఆలస్యమైనచో యజమాని కోపము, డ్రైవరునకు బత్తా నష్టము, ఓడరేవులో వేళ తప్పుట - ఇవన్నియు వాని నోటికి తాళము వేయును. డ్రైవరునకును ఇదే సంకటము. "ఈ ట్రిప్పు పోయి వచ్చినాక చూతములే" అను మాట వినని వారు ఈ సభలో ఉండరు.

ఆ మాటకు ఎదురు నిలుచు బలము డ్రైవరునకు ఒంటరిగ లేదు. ఊరు ఇచ్చినచో కలుగును. బ్రేకులో గాలి నిలుచుటలేదు, ఈ పూట బండి కదల్చను అని చెప్పిన డ్రైవరును పనిదొంగయని పరిహసింపక, మంచిపని చేసితివని నలుగురిలో చెప్పవలెను. యజమాని మన ఊరివాడే యైనచో, ఒక రోజు బాడుగ పోయినను ఫరవాలేదని ఆయనకు నచ్చజెప్పవలెను. వాషరు వెల చాల స్వల్పము. హోసు పైపు వెల ఒక టైరు వెలలో చిన్న భాగము. వాటికి వెనుదీసి బండిని కదల్చినచో తరువాత చెల్లింపవలసినది ఎంతయో, ఎవరు చెల్లింతురో ముందుగ చెప్పగలవారు లేరు.

కనుక మా మనవి ఇది. మీరు గ్రామమునకు తిరిగి వెళ్లిన పిదప, మీ ఊరిలో భారవాహనములు నడుపు యువకులను ఒకనాడు పిలిపించుడు. ఒక బండిని చదునైన తావున నిలిపి, దిమ్మెలు పెట్టి, గడియారము చేతబట్టి, ఆ నిమిషపు పరీక్షను అందరి ఎదుట చేయించి చూడుడు. ముల్లు నిలిచినచో సంతోషము. దిగినచో మూడు ప్రశ్నలు వేసి, లీకు ఏ వైపున ఉన్నదో వారిచేతనే చెప్పించుడు. ఒక్కమారు చేతితో చేసిన పని మరపునకు రాదు. మీ ఊరి దారిలో పోవు ప్రతి బరువు బండియు నిలువవలసిన చోట నిలుచుగాక యని కోరుచున్నాము.